ఖాళీ స్టేడియంలో ఆట: జనం లేకపోతే మారేదేమిటి, మారనిదేమిటి?

2021 ఫిబ్రవరి 12 రాత్రి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్ మ్యాచ్ జరుగుతోంది. నొవాక్ జొకోవిచ్, టేలర్ ఫ్రిట్జ్ నాలుగో సెట్‌లో ఉన్నారు. పదకొండున్నర అవుతుండగా ఆట ఆగింది. అర్ధరాత్రి నుంచి రాష్ట్రమంతా ఐదు రోజుల లాక్‌డౌన్, కాబట్టి ప్రేక్షకులు వెంటనే వెళ్లిపోవాలని ప్రకటించారు. టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లు కాసేపు గోల చేసి, చివరికి లేచి బయటికి నడిచారు. ఆ తర్వాత అదే కోర్టులో, అదే ఇద్దరి మధ్య, ఆగిన చోటి నుంచే ఆట మళ్లీ మొదలైంది. నాలుగో సెట్ ఫ్రిట్జ్‌ది. ఐదో సెట్ 6-2తో గెలిచి జొకోవిచ్ గట్టెక్కాడు.

సగం ఆట జనంతో, సగం ఆట జనం లేకుండా. పరిశోధకులు కోరుకున్నా దొరకని అవకాశం ఇది. అయినా జనం వెళ్లిపోవడం వల్ల ఏం మారిందో ఈ మ్యాచ్ చూసి చెప్పలేం. మూడో సెట్‌లోనే జొకోవిచ్‌కు పొట్ట దగ్గర గాయమైంది. ఏది గాయం వల్ల జరిగింది, ఏది నిశ్శబ్దం వల్ల జరిగింది అన్నది విడదీసి చూపించే దారి లేదు. ఖాళీ స్టేడియాల గురించి మనం వినే వాదనలు చాలావరకు ఈ చిక్కులోనే పడతాయి. కోవిడ్ కాలంలో ప్రపంచమంతటా వేల మ్యాచ్‌లు ఇలా జరగడంతో ఈ చిక్కును కొంతైనా విప్పే వీలు కలిగింది.

ఖాళీగా ఉండటానికి కారణాలు వేరు

ప్రేక్షకులు లేని మ్యాచ్ అనగానే 2020 గుర్తొస్తుంది కానీ, ఆటల చరిత్రలో ఇది అంతకు ముందూ ఉంది. కారణాన్ని బట్టి దాని స్వభావం మారుతుంది.

ఒకటి, గొడవల భయం. 1999 ఫిబ్రవరిలో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో భారత్, పాకిస్థాన్ టెస్టు నాలుగో రోజు సచిన్ టెండూల్కర్ పరుగు తీస్తూ షోయబ్ అఖ్తర్‌ను ఢీకొని రనౌట్ అయ్యాడు. గ్యాలరీలు భగ్గుమన్నాయి. చివరి రోజు మళ్లీ గొడవ మొదలయ్యేసరికి పోలీసులు దాదాపు 65 వేల మందిని బయటికి పంపేశారు. మిగిలిన ఆట ఖాళీ మెట్ల మధ్య ముగిసింది, పాకిస్థాన్ 46 పరుగుల తేడాతో గెలిచింది. 2015 ఏప్రిల్ 29న అమెరికాలోని బాల్టిమోర్‌లో నగరం అల్లర్లతో అట్టుడుకుతుండగా, ఓరియోల్స్ బేస్‌బాల్ జట్టు షికాగో వైట్ సాక్స్‌ను ఒక్క ప్రేక్షకుడు కూడా లేని మైదానంలో 8-2తో ఓడించింది.

రెండోది నిరసన. 2017 అక్టోబర్ 1న, స్పెయిన్ నుంచి విడిపోవాలా అని కాటలోనియాలో రెఫరెండం జరిగిన రోజు, బార్సిలోనా క్లబ్ తలుపులు మూసేసుకుని లాస్ పాల్మాస్‌తో మ్యాచ్ ఆడింది. బయట జరుగుతున్నది ప్రపంచం కంట్లో పడాలని క్లబ్ తనంతట తానే తన స్టేడియం క్యాంప్ నౌను ఖాళీగా ఉంచింది.

మూడోది శిక్ష. అభిమానులు జాత్యహంకార నినాదాలు చేసినా, మైదానంలోకి దూసుకొచ్చినా, ఫుట్‌బాల్ సంఘాలు ఆ జట్టు తర్వాతి మ్యాచ్‌లను ఖాళీ స్టేడియంలో ఆడిస్తాయి. నాకు ఈ పద్ధతి మీద ఎప్పుడూ అనుమానమే. క్రొయేషియా సంగతి చూడండి. అభిమానుల నినాదాలకు శిక్షగా 2015లో స్ప్లిట్ నగరంలో ఇటలీతో మ్యాచ్‌ను ప్రేక్షకులు లేకుండా ఆడారు. ఆ ఖాళీ మైదానంలోనే గడ్డి మీద స్వస్తిక గుర్తు ప్రత్యక్షమైంది! దానికి మళ్లీ శిక్ష పడి, 2018 అక్టోబర్‌లో రియెకాలో ఇంగ్లండ్‌తో మ్యాచ్ కూడా ఖాళీ స్టేడియంలోనే జరిగింది. తప్పు చేసింది క్రొయేషియా వైపు వాళ్లయితే ఇంగ్లండ్ అభిమానులకూ టికెట్లు లేవు. వాళ్లలో కొందరు స్టేడియం వెనక కొండెక్కి 0-0 డ్రా చూసి వెళ్లారు.

టర్కీ వాళ్లు ఇంకో దారి పట్టారు. 2011 సెప్టెంబర్‌లో ఫెనర్‌బాచె క్లబ్‌కు ఇలాంటి శిక్షే పడినప్పుడు మగవాళ్లను మాత్రం ఆపి, ఆడవాళ్లను, 12 ఏళ్లలోపు పిల్లలను ఉచితంగా రానిచ్చారు. 41 వేలకు పైగా వచ్చారు. శిక్ష అనుకున్నది పండగలా మారింది. స్టేడియం ఖాళీ చేయడమే శిక్ష అని వాదించేవాళ్లు దీన్ని మినహాయింపు అంటారు. జనంలో తప్పు చేసేవాళ్లను వేరు చేయాలి తప్ప అందరినీ వెళ్లగొట్టకూడదని వాదించేవాళ్లు దీన్నే సాక్ష్యంగా చూపిస్తారు.

నాలుగోది ఆరోగ్య కారణం. దీంట్లోనూ రెండు రకాలను కలిపేయకూడదు. జట్లు ఎప్పటిలాగే ఊరూరా తిరిగి ఖాళీ మైదానాల్లో ఆడటం ఒకటి. ఫుట్‌బాల్‌లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్, జర్మనీ బుండెస్‌లీగా అలా ఆడాయి. బబుల్ మరొకటి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2020లో 22 జట్లను ఓర్లాండో దగ్గరి డిస్నీ వరల్డ్‌లో ఒక్కచోటే ఉంచి సీజన్ పూర్తి చేసింది. అదే ఏడాది ఐపీఎల్ దుబాయ్, అబుదాబి, షార్జాలకు తరలింది. బబుల్‌లో సొంత మైదానమంటూ ఏ జట్టుకూ ఉండదు. జనం ప్రభావం ఎంత, సొంత మైదానం ప్రభావం ఎంత అని లెక్కలు తీసేటప్పుడు ఈ తేడా ముఖ్యం.

టీవీ ముందు మనకు తగ్గింది ఏమిటి?

ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకు స్టేడియంలో జనం ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి? కెమెరా చూపించేది మైదానాన్నే కదా. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో చాలామంది ఇలాగే అనుకున్నారు. మ్యాచ్‌లు మొదలయ్యాక, ఏదో లోటు ఉందని అందరికీ తెలిసింది కానీ ఆ లోటు ఏమిటో చెప్పడం అంత తేలిక కాలేదు.

క్రికెట్‌లో ఒక్క బంతిని దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. బ్యాటర్ బంతిని గాల్లోకి లేపాడు. కెమెరా పైకి తిరిగింది. తెర మీద ఆకాశం, అందులో తెల్లటి చుక్క. అది ఎంత దూరం పోతోందో ఆ దృశ్యంలో తెలియదు, ఎందుకంటే లోతు కనిపించదు. బౌండరీ దగ్గర ఫీల్డర్ ఉన్నాడో లేడో కూడా ఇంకా ఫ్రేములోకి రాలేదు. కానీ మనకు తెలిసిపోతుంది. ఆ వైపు స్టాండ్‌లో కూర్చున్నవాళ్లకు బంతి తమ మీదికి వస్తున్నట్టు ముందే కనిపిస్తుంది కాబట్టి అక్కడి నుంచి కేక లేస్తుంది. ఆ కేక పెరుగుతూ పోతే సిక్స్. మధ్యలో గొంతులు ఒక్కసారిగా దిగిపోతే క్యాచ్. ఇలా మన కంటికంటే ముందు మన చెవికి ఫలితం అందుతుంది. జనం లేనప్పుడు ఆ రెండు సెకన్లు గుడ్డిగా గడుస్తాయి. బంతి కింద పడేదాకా ఆగాల్సిందే.

అంటే మనం అన్నాళ్లూ ఆటను చూడటంతో పాటు, ఆటను చూస్తున్న వేలమంది చూపును కూడా వింటూ వచ్చాం. వంటగదిలో ఉన్నా, ఫోన్ చూసుకుంటున్నా, హోరు వినగానే తల తెర వైపు తిరిగేది. ఎప్పుడు చూడాలో, ఎప్పుడు పక్కకు తిరిగినా ఫరవాలేదో ఆ శబ్దమే చెప్పేది. అది లేకపోయేసరికి ప్రతి బంతీ ఒకే బరువుతో పడింది.

కొత్తగా వినిపించినవీ ఉన్నాయి. 2020 మార్చిలో ఒసాకాలో జరిగిన సుమో టోర్నమెంటు పదిహేను రోజులూ ప్రేక్షకులు లేకుండానే సాగింది. రెండు భారీ శరీరాలు ఢీకొన్న చప్పుడు అంత స్పష్టంగా మామూలు రోజుల్లో వినపడదు. ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్ తన డిఫెండర్లను నిలబెట్టే తీరు, కోచ్‌ల కేకలు, అప్పుడప్పుడు బూతులు కూడా నేరుగా గదిలోకి వచ్చాయి. ఆటలోని పనితనాన్ని వినాలనుకునేవాళ్లకు అది విందు. మ్యాచ్‌ను ఒక వేడుకలా చూసేవాళ్లకు మాత్రం ప్రాక్టీస్ సెషన్ చూస్తున్నట్టు అనిపించింది. ఒక రకంగా రెండు వర్గాలూ నిజమే చెబుతున్నాయి. అదే నెల 13న సిడ్నీలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వన్డే ఖాళీ గ్యాలరీల ముందు జరిగింది. సిక్స్ కొడితే బంతి విసిరేవాళ్లు లేక, ఫీల్డరే కంచె దాటి కుర్చీల వరసల మధ్య దాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది. గల్లీ క్రికెట్ ఆడినవాళ్లెవరికైనా ఆ దృశ్యం పరిచయమే!

తయారు చేసిన హోరు

ఈ లోటును పూడ్చడానికి ప్రసారకర్తలు రికార్డు చేసిన శబ్దాన్ని తెచ్చారు. 2020 జూన్ 17న ప్రీమియర్ లీగ్ మళ్లీ మొదలైనప్పుడు స్కై స్పోర్ట్స్ ఛానల్, ఈఏ స్పోర్ట్స్ సంస్థ ఫుట్‌బాల్ వీడియోగేమ్ కోసం సేకరించిన నినాదాలను, పాటలను వాడుకుంది. నిజమైన స్టేడియాల్లో రికార్డు చేసిన శబ్దాలు గేములోకి వెళ్లి, అక్కడి నుంచి నిజమైన మ్యాచ్‌లోకి తిరిగొచ్చాయన్నమాట. స్పెయిన్ లా లిగా ఇంకొంచెం ముందుకెళ్లి ఖాళీ కుర్చీల మీద కంప్యూటర్ బొమ్మలతో జనాన్ని గీసింది. ఎన్‌బీఏ కోర్టు చుట్టూ 17 అడుగుల ఎత్తు తెరలు నిలబెట్టి, ఇళ్లలో కూర్చున్న అభిమానుల ముఖాలను వీడియో కాల్‌లో చూపించింది. జర్మనీలో మున్షెన్‌గ్లాడ్‌బాఖ్ అభిమానులు 19 యూరోలు కట్టి, తమ ఫొటోతో అట్టబొమ్మలు చేయించి సీట్లలో పెట్టించుకున్నారు. దక్షిణ కొరియాలో ఎఫ్‌సీ సోల్ క్లబ్ పెట్టిన బొమ్మలు శృంగార దుకాణాల్లో అమ్మే రకానివని బయటపడి, క్లబ్‌కు 10 కోట్ల వోన్ల జరిమానా పడింది. ఆ కాలంలో అన్నీ సీరియస్‌గానే జరిగాయనుకోవద్దు.

శబ్దం నడిపే మనిషి పని ఎలా ఉంటుందో ఊహించుకోండి. అతని ముందు ఒక బోర్డు. ఒక మీట నొక్కితే మామూలు గుసగుస, ఇంకోటి నొక్కితే ఉత్సాహం, మరోటి గోల్ సంబరం. షాట్ గోల్‌పోస్టుకు తగిలి పక్కకు పోయింది. నిజమైన జనం బంతి పోస్టు వైపు వెళ్తున్నప్పుడే లేస్తారు. ఇతను మాత్రం ఫలితం చూశాకే మీట నొక్కగలడు. అందుకే ఆ ‘అయ్యో’ అర సెకను ఆలస్యంగా వస్తుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, నిజమైన జనం పక్షపాతులు, అన్యాయంగా కూడా అరుస్తారు. న్యాయమైన ఫౌల్‌కు రిఫరీని తిడతారు, తమ జట్టు పేలవంగా ఆడితే ఈలలేసి వెక్కిరిస్తారు. రికార్డులో అది ఉండదు. సొంత జట్టుకు ఎప్పుడూ అండగా ఉండే మర్యాదస్తుల జనం అది.

కృత్రిమ శబ్దం మోసం అనేవాళ్లకు బలమైన వాదన ఉంది. కామెడీ షోల్లో నవ్వుల ట్రాక్ లాగా, ఏం అనుభూతి చెందాలో ప్రేక్షకుడికి బయటి నుంచి చెప్పడమే అది. మరోవైపు, టీవీ శబ్దం ఎప్పుడూ ‘సహజం’ కాదు. మైకులు ఎక్కడ పెట్టాలి, జనం గొంతు ఎంత పెంచాలి, కామెంటేటర్ గొంతు ఎంత ముందుకు తేవాలి అన్నది ఎప్పుడూ ఒక కంట్రోల్ రూములోనే నిర్ణయిస్తారు. స్కై స్పోర్ట్స్ శబ్దంతో ఒకటి, శబ్దం లేకుండా ఒకటి, రెండు ప్రసారాలు పెట్టి ఎంపికను ప్రేక్షకుడికే వదిలేసింది. నా ఓటు రికార్డు శబ్దానికే, కాస్త సిగ్గుపడుతూనైనా. అబద్ధమని తెలిసిన పది నిమిషాలకే చెవి దానికి అలవాటు పడిపోతుంది.

గేటు డబ్బు పోతే ఎవరు నిలుస్తారు?

జనం లేకుండా ఆడటం ఎందుకసలు, ఆపేస్తే పోలేదా అన్న ప్రశ్నకు జవాబు ఆదాయం లెక్కల్లో ఉంది. మాంచెస్టర్ యునైటెడ్ 2018-19లో మ్యాచ్ రోజుల మీద 11.08 కోట్ల పౌండ్లు సంపాదించింది. టికెట్లు, స్టేడియంలో తిండి, పానీయాలు అన్నీ కలిపి. 2020-21లో అది 71 లక్షల పౌండ్లకు పడిపోయింది. దెబ్బ పెద్దదే. కానీ ఆ రెండో ఏడాదే ప్రసార హక్కుల వాటా రూపంలో 25.48 కోట్ల పౌండ్లు వచ్చాయి. మ్యాచ్ ఆడితేనే ఆ డబ్బు. ఆడకపోతే అదీ పోతుంది.

ఐపీఎల్ సంగతి ఇంకా స్పష్టం. 2018 నుంచి 2022 దాకా ఐదేళ్ల ప్రసార హక్కులకు స్టార్ ఇండియా పెట్టిన మొత్తం రూ.16,347.5 కోట్లు. ఏడాదికి 60 మ్యాచ్‌ల చొప్పున పంచితే ఒక్కో మ్యాచ్‌కు దాదాపు రూ.54.5 కోట్లు. ఒక స్టేడియం నిండా జనం కొనే టికెట్ల సొమ్ము దీని పక్కన చిన్నది.

చిన్న క్లబ్బులకు ఈ లెక్క తలకిందులవుతుంది. ఇంగ్లండ్ మూడు, నాలుగో అంచె లీగుల్లో టీవీ డబ్బు నామమాత్రం, గేటు డబ్బే ఆధారం. జనం లేకుండా మ్యాచ్ పెడితే కోవిడ్ పరీక్షల ఖర్చు, సిబ్బంది ఖర్చు అదనంగా తగులుతాయి తప్ప రాబడి ఉండదు. అందుకే 2020 జూన్‌లో ఆ క్లబ్బులు ఓటేసి సీజన్‌ను అక్కడికక్కడే ముగించాయి. ఒకే దేశంలో, ఒకే నెలలో, పై అంచె ఖాళీ స్టేడియాల్లోకి దిగింది, కింది అంచె తాళం వేసుకుంది.

సొంతగడ్డ బలం లెక్కలో ఎంత తగ్గింది?

ఏ ఆటలోనైనా సొంత మైదానంలో ఆడే జట్టు సగటున ఎక్కువ గెలుస్తుంది. దీనికి కారణాలుగా నాలుగు చెబుతారు: ప్రయాణపు అలసట లేకపోవడం, మైదానం మీద అలవాటు, జనం ఇచ్చే ఊపు, జనం వల్ల రిఫరీ మీద పడే ఒత్తిడి. మామూలు రోజుల్లో ఈ నాలుగూ కలిసే ఉంటాయి. ఖాళీ స్టేడియాల్లో మొదటి రెండూ ఉండి, చివరి రెండూ పోయాయి.

ప్రీమియర్ లీగ్‌తో లెక్క కడదాం. సీజన్‌కు 380 మ్యాచ్‌లు. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే చెరొకటి. జనంతో నిండిన 2018-19లో సొంత జట్లు 181 గెలిచాయి, బయటి జట్లు 128, డ్రాలు 71. సొంత జట్ల పాయింట్లు 181×3+71, అంటే 614. బయటి జట్లవి 128×3+71, అంటే 455. మొత్తంలో సొంత జట్ల వాటా 57 శాతం.

దాదాపు పూర్తిగా ఖాళీగా సాగిన 2020-21లో సొంత జట్లు 144, బయటి జట్లు 153, డ్రాలు 83. పాయింట్లు 515, 542. వాటా 49 శాతానికి దిగింది. ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్ చరిత్రలో బయటి జట్లు ఎక్కువ గెలిచిన సీజన్ అదే మొదటిది. అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ అలాగే జరిగింది. 2020 ఎన్‌ఎఫ్‌ఎల్ రెగ్యులర్ సీజన్‌లో సొంత జట్లు 127 గెలిచి 128 ఓడాయి.

ఇది చూసి ‘చూశారా, అంతా జనం మహిమే’ అనడం తేలిక. అయితే ఆ సీజన్‌లో మారింది జనం ఒక్కటే కాదు. విరామం లేకుండా మ్యాచ్‌లు కుదించారు, గాయాలు పెరిగాయి, కోవిడ్‌తో ఆటగాళ్లు తప్పుకున్నారు. లివర్‌పూల్ కథ చూడండి. తన మైదానం ఆన్‌ఫీల్డ్‌లో 68 లీగ్ మ్యాచ్‌లు ఓటమి ఎరగని జట్టు 2021 జనవరి 21న బర్న్‌లీ చేతిలో ఓడి, ఆ తర్వాత సొంత మైదానంలో వరసగా మరో ఐదు ఓడింది. ఖాళీ గ్యాలరీలే కారణమని అప్పట్లో చాలామంది తేల్చేశారు. కానీ ఆ 68లో చివరి కొన్ని మ్యాచ్‌లు కూడా ఖాళీ ఆన్‌ఫీల్డ్‌లోనే ఆడింది, ఓడలేదు. మధ్యలో వాన్ డైక్, గోమెజ్, మాటిప్ ముగ్గురు సెంటర్ డిఫెండర్లూ గాయాలతో దూరమయ్యారు. దాన్ని వదిలేసి కుర్చీల మీద నెపం పెట్టలేం.

క్రికెట్‌లో ఈ లెక్క ఇంకా కష్టం, ఎందుకంటే ఇక్కడ పిచ్ కూడా ఆడుతుంది. 2021 ఫిబ్రవరిలో చెన్నై చేపాక్‌లో భారత్, ఇంగ్లండ్ వరసగా రెండు టెస్టులు ఆడాయి. మొదటిదానికి ప్రేక్షకులు లేరు, ఇంగ్లండ్ 227 పరుగులతో గెలిచింది. రెండోదానికి సగం సీట్లు నింపారు, భారత్ 317 పరుగులతో గెలిచింది. అశ్విన్ సొంత ఊరి జనం ఈలల మధ్య సెంచరీ కొట్టాడు. కథగా చెబితే ఇంతకంటే చక్కటి రుజువు ఉండదు. కానీ మొదటి టెస్టులో టాస్ ఇంగ్లండ్‌ది, రూట్ 218 కొట్టాడు. రెండోదానిలో టాస్ భారత్‌ది, పిచ్ మొదటి రోజు నుంచే తిరిగింది. జనాన్ని ఈ లెక్కలోంచి తీసేసినా ఫలితాలు అర్థమవుతాయి.

అందుకే ఒకటి రెండు మ్యాచ్‌ల మీద కాకుండా వేల మ్యాచ్‌ల మీద చేసిన అధ్యయనాలు కావాలి. అవి కూడా పూర్తిగా ఏకీభవించవు. 11 దేశాల్లోని 15 లీగుల మ్యాచ్‌లను చూసిన ఒక బృందం, సొంత మైదానం బలం గోల్స్‌లో, పాయింట్లలో దాదాపు సగానికి తగ్గిందని లెక్కతేల్చింది. 17 దేశాల్లోని 23 లీగులను చూసిన మరో బృందం తుది స్కోర్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదని చెప్పింది. ఏ లీగులను తీసుకున్నారు, జట్ల బలాబలాలను ఎలా సరిచేశారు అన్నదాన్ని బట్టి అంకెలు అటూ ఇటూ అవుతాయి. ఆ రెండో బృందానికి మాత్రం ఒక విషయంలో తేడా గట్టిగా కనిపించింది. దానికి వచ్చేముందు ఆటగాళ్ల సంగతి.

ఆటగాడికి జనం అవసరమా?

జనం ముందు మనిషి పనితీరు మారుతుందా అన్నది మనస్తత్వశాస్త్రంలో చాలా పాత ప్రశ్న. నార్మన్ ట్రిప్లెట్ 1898లోనే సైకిల్ పందేలను చూసి దీని గురించి రాశాడు. 1965లో రాబర్ట్ జయోన్స్ ఒక సూత్రం చెప్పాడు: ఎవరైనా చూస్తున్నప్పుడు మనకు బాగా అలవాటైన పని ఇంకా బాగా చేస్తాం, సరిగ్గా రాని పని ఇంకా చెడగొడతాం. తర్వాత బొద్దింకలతో ప్రయోగం చేశారు. తోటి బొద్దింకలు చూస్తుండగా అవి తిన్నటి దారిలో వేగంగా పరుగెత్తాయి, మలుపులున్న దారిలో తడబడ్డాయి.

ప్రొఫెషనల్ ఆటగాడికి ఆట బాగా అలవాటైన పని. కాబట్టి జనం ఉంటే లాభమే ఉండాలి, లేకపోతే కొంత నష్టం జరగాలి. ఖాళీ మైదానాల్లో ఆ నష్టం అంత కొట్టొచ్చినట్టు కనిపించలేదు. ఎన్‌బీఏ బబుల్‌లో తన తొలి మ్యాచ్‌లోనే టీజే వారెన్ 53 పాయింట్లు కొట్టాడు. 2021 ఆగస్టు 7న ఖాళీ టోక్యో ఒలింపిక్ స్టేడియంలో నీరజ్ చోప్రా 87.58 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచాడు. శిఖరానికి చేరిన ఆటగాడి చేయి జనం కోసం ఆగదు. ఒత్తిడి తగ్గి కుర్రాళ్లు స్వేచ్ఛగా ఆడారన్న వాదన కూడా ఉంది. కానీ అది ఎంత, బబుల్ ఒంటరితనం తెచ్చిన విసుగు ఎంత అన్నది తేల్చడం కష్టం.

జనం శబ్దం ఆటగాడికి నేరుగా అడ్డుపడే ఆట ఒకటుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బయటి జట్టు క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపే ఆటగాడు) ఇచ్చే సంకేతాలు తన వాళ్లకు వినపడకుండా చేయడానికే సొంత అభిమానులు గోల చేస్తారు. కాన్సస్ సిటీ స్టేడియంలో 2014లో 142.2 డెసిబెల్స్ నమోదైంది. 2020 సీజన్ మొదట్లో లీగ్ ముందే రికార్డు చేసిన శబ్దానికి 70 డెసిబెల్స్ అని గీత గీసింది. అక్కడ నిశ్శబ్దం వల్ల బయటి జట్టుకు కలిగిన మేలు మానసికం కాదు, చెవులకు సంబంధించింది.

రిఫరీ చెవిలో జనం

ఇక ఆ గట్టి తేడా. 23 లీగుల అధ్యయనంలో ప్రేక్షకులు లేనప్పుడు బయటి జట్టుకు పడే పసుపు కార్డులు మ్యాచ్‌కు మూడో వంతు చొప్పున తగ్గాయి. మూడు మ్యాచ్‌లకు ఒక కార్డు అన్నమాట. చిన్నదిగా అనిపిస్తుంది కానీ, కార్డు పడ్డ డిఫెండర్ ఆ తర్వాత టాకిల్‌కు (ప్రత్యర్థి కాళ్ల దగ్గరి బంతిని లాక్కోవడానికి) వెనకాడతాడు, దాని ప్రభావం అంకెలో కనిపించదు.

ఇది కోవిడ్ కాలంలో కొత్తగా కనిపెట్టింది కాదు. 2002లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 40 మంది అర్హులైన రిఫరీలకు లివర్‌పూల్, లెస్టర్ మ్యాచ్‌లోని 47 టాకిళ్లను వీడియోలో చూపించారు. కొందరికి జనం శబ్దంతో, మిగతావాళ్లకు శబ్దం తీసేసి. శబ్దం విన్నవాళ్లు సొంత జట్టు మీద 15.5 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. వాళ్ల ముందున్నది అదే వీడియో, అవే కాళ్లు. 2007లో ఇటలీలో ఒక పోలీసు అధికారి మరణించాక, భద్రతా ప్రమాణాలు లేని స్టేడియాల్లో ప్రేక్షకులను ఆపేశారు. అక్కడి మ్యాచ్‌ల మీద అధ్యయనం చేసినవాళ్లకూ ఇదే కనిపించింది: జనం ఉన్నప్పుడు రిఫరీలు బయటి జట్టు పట్ల కఠినంగా ఉంటారు. స్పెయిన్ లీగ్ లెక్కల్లో సొంత జట్టు ఒక గోల్ వెనకబడితే అదనపు సమయం పెరిగేది, ఒక గోల్ ముందుంటే తగ్గేది.

ఇదంతా లంచాల కథ కాదు. సందేహం ఉన్న చోట మనిషి దొరికిన సమాచారాన్నంతా వాడుకుంటాడు. యాభై వేల గొంతులు ఒక్కసారి ‘ఫౌల్’ అంటే అది కూడా సమాచారంలాగే మెదడులోకి వెళ్తుంది. ఇంట్లో టీవీ ముందున్న మనకు సిక్స్ వెళ్లిందని ముందే చెప్పిన హోరే, మైదానంలో రిఫరీకి తప్పు ఎవరిదో కూడా చెబుతోంది. నాకు అర్థమైనంతవరకు జనం ప్రభావం ఆడేవాళ్ల మీదకంటే, వింటూ చూసేవాళ్ల మీదే ఎక్కువ.

క్రికెట్ 2020లో దీనికి అడ్డంగా ఒక ప్రయోగం చేసింది. ప్రయాణాలు కుదరక తటస్థ అంపైర్ల నిబంధనను పక్కన పెట్టి స్థానిక అంపైర్లనే నిలబెట్టారు. వాళ్ల అనుభవం తక్కువ కావచ్చన్న ఆలోచనతో టెస్టుల్లో ఇన్నింగ్స్‌కు రెండు డీఆర్‌ఎస్ రివ్యూల బదులు మూడు ఇచ్చారు.

జనం తిరిగొచ్చాక ప్రీమియర్ లీగ్‌లో సొంత జట్ల గెలుపులు మళ్లీ పైకెక్కాయి. ఇప్పుడు చర్చ వీఏఆర్ వైపు, అంటే రిఫరీ నిర్ణయాలను వీడియోలో సరిచూసే పద్ధతి వైపు మళ్లింది. వీడియో చూసే రిఫరీలు లండన్ దగ్గర స్టాక్‌లీ పార్క్‌లో, ఏ స్టేడియం హోరూ వినపడని గదిలో కూర్చుంటారు. ఆ గది ఒక విధంగా శాశ్వతంగా ఖాళీగా ఉండే స్టేడియం. అయితే అనుమానం వస్తే వాళ్లు మైదానంలోని రిఫరీని గీత పక్కన ఉన్న తెర దగ్గరికి వెళ్లి చూసుకోమంటారు. ఆ తెర ఉండేది జనానికి కొన్ని అడుగుల దూరంలో. తుది నిర్ణయం ఆ హోరు మధ్య నిలబడినవాడిదే.